చివర గీసిన గడ్డం

మా ఆయన జైల్లో బార్బరు. ఈ మాట చెప్పగానే ఎదుటివాళ్ల చెయ్యి వాళ్లకు తెలియకుండానే గొంతు మీదికి పోతుంది. హంతకుల మెడ మీద కత్తి పెట్టే మనిషి పక్కన ఎలా పడుకుంటావమ్మా అని అడిగినవాళ్లు కూడా ఉన్నారు. ఆయన గురక తప్ప నాకు ఏ భయమూ లేదని చెప్పేదాన్ని. అప్పట్లో అది నిజమే.

జైల్లో ఆయన్ని 'అచ్చు మాస్టారు' అంటారు. ఆ పేరు ఎలా వచ్చిందో చెప్తే గానీ మిగతాది అర్థం కాదు. నేరాన్ని కళ్లతో చూసిన సాక్షి ఉన్నప్పుడు, పోలీసులు పట్టుకున్న మనిషి వాడేనా కాదా తేల్చడానికి గుర్తింపు పరేడు అని ఒకటి పెడతారు. ముద్దాయిని ఒక్కణ్నే నిలబెట్టి వీడేనా అని అడిగితే ఎవరైనా వీడే అంటారు. అందుకని ముద్దాయి ఈడూ, ఒడ్డూ పొడుగూ ఉన్న మరో ఎనిమిది మందిని బయటి నుంచి పిలిచి, వాళ్ల మధ్య వాణ్ని కలిపేస్తారు. సాక్షి లోపలికి వచ్చి, వరస అంతా చూసి, ఒకడి భుజం మీద చెయ్యి వెయ్యాలి. అది చట్టం. ఆ వరసలో ఏ ఒక్కడూ కొట్టొచ్చినట్టు కనబడకూడదు. అదీ చట్టమే. ఈ రెండోది మా ఆయన చేతిలో ఉండేది.

ముద్దాయికి మీసం లేకపోతే తొమ్మిది మందికీ మీసం ఉండకూడదు. ముద్దాయి కనుబొమ్మ మీద గాటు ఉంటే తొమ్మిది కనుబొమ్మల మీదా ప్లాస్టరు ముక్క పడాలి. జుట్టు అందరికీ ఒకే పొడవు. మెడ దాకా ఒకే రంగు దుప్పటి. వచ్చే ఎనిమిది మందీ ఎవరో దారినపోయే వాళ్లు, పళ్ల బండివాడూ, తాళాలు చేసేవాడూ, పోలీసు పిలిచాడు కదా అని కాదనలేక వచ్చినవాళ్లు. ఒక టీ తాగించి కూర్చోబెడితే మా ఆయన వాళ్ల మొహాలు తీసేసి ముద్దాయి మొహం పెట్టేవాడు. అచ్చు గుద్దినట్టు ఉండేవాళ్లట. సూపరింటెండెంటు కూడా ఒకసారి బయటివాణ్ని సెల్లోకి తోసి, ముద్దాయికి టీ ఇచ్చి పంపబోయాడని జైలంతా చెప్పుకుని నవ్వుకున్నారు.

ఆయన పనికి ఒక పద్ధతి ఉండేది. ముద్దాయిని ఎదురుగా బెంచీ మీద కూర్చోబెట్టుకుని, వాణ్ని చూస్తూ ఒక్కొక్కణ్నీ వాడిలా తయారు చేసేవాడు. అందరూ అయ్యాక ఆఖర్న ముద్దాయిని స్టూలు మీదికి పిలిచి, గడ్డం గీసి, మొహం కడిగి, పటిక రుద్ది వరసలో కలిపేవాడు. "నమూనా చివర్నే. దర్జీ కొలతకి తెచ్చిన చొక్కాని కుట్టు అయ్యేదాకా ఉతుకుతాడా?" అనేవాడు. నాకూ సబబుగానే తోచింది. పెద్ద చదువులు చదివిన మేజిస్ట్రేట్లకూ తోచింది.

ఒకరోజు ఆయన అన్నం ముందు కూర్చుని ముద్ద కలుపుతూ ఉండిపోయాడు. ఏమైందని అడిగాను.

"వరస నిలబెట్టి, వెనక్కి నడిచి చూశానే. అంతకు ముందే నా చేత్తో గీసిన ముద్దాయి ఎవడో నాకే తెలియలేదు. నేను చూస్తుంటే అందరూ ఒకేసారి రెప్ప వేశారు."

"మీ కళ్లే మూతపడి ఉంటాయి. ముందు తినండి" అన్నాను. అన్నానే గానీ ఆయన కళ్ల వైపు చూడకుండానే పెరుగు వడ్డించాను.

ఆ తర్వాత ఆయన చూపు మారింది. బస్సులో ఎవరినో కన్నార్పకుండా చూసేవాడు. "పావుగంట ఇస్తే ఈ కండక్టర్ని ఆ డ్రైవర్ని చేస్తాను" అని నా చెవిలో అనేవాడు. మరోసారి పక్కింటాయన వెళ్లాక తలుపేసి, "మొహం అనేది మనిషికి పైపైన అంటుకుని ఉంటుందే, కొంచెం తడిపితే వచ్చేస్తుంది" అన్నాడు. మాటలు చూసుకుని మాట్లాడండి, ఇంట్లో అద్దం ఉంది, నాకు రోజూ దాంతో పని అని కసిరాను. ఆ రోజంతా అద్దం వైపు పోలేదు.

ఇక మా వదిన. మా ఆయనకు అక్క. మొగుడు పోయాక మా ఇంటికే వచ్చేసింది. మా ఇద్దరికీ పడదని చెప్పను గానీ, ఒకే వంటింట్లో రెండు గరిటెలు మోగకుండా ఉంటాయా? ఆవిడ ఒక లాండ్రీలో కౌంటర్ దగ్గర కూర్చునేది. చీటీ అడిగేది కాదు. మనిషి మొహం చూసి, లోపలికి వెళ్లి, వాడి బట్టలే పట్టుకొచ్చేది. ఒక్కసారీ పొరపాటు పడలేదని యజమాని అందరి దగ్గరా గొప్ప చెప్పేవాడు. "కళ్లతో చూసింది నేను మర్చిపోను. చెవులతో విన్నది అసలే మర్చిపోను" అని వదిన నా వైపు తిరిగి అనేది. నా నోటి గురించి ఆవిడ అభిప్రాయం అది.

లాండ్రీ పక్కనే గడియారాలు బాగుచేసే ముసలాయన దుకాణం. మధ్యాహ్నం ఇద్దరూ కౌంటర్ మీదే డబ్బాలు విప్పుకుని కలిసి తినేవాళ్లు. ఆయన ఈవిడని కూతురా అని పిలిచేవాడు. ఒక సాయంత్రం వీధి దీపాలు వెలిగే వేళ, ఎవడో వచ్చి ముసలాయన్ని ఆయన మెట్ల మీదే పొడిచేశాడు. పొడిచి, లాండ్రీ గాజు తలుపులోంచి వదిన మొహంలోకి ఒకసారి చూసి, నడుచుకుంటూ వెళ్లిపోయాడు. పరుగెత్తలేదు. వదిన ఎప్పుడు చెప్పినా అదే చెప్పేది, వాడు పరుగెత్తలేదు అని.

పోలీసులు వెళ్లాక ఆ మెట్లు వదినే కడిగింది. లాండ్రీ సోడా పోసి, మోకాళ్ల మీద కూర్చుని, మరకలు పోగొట్టడం చేతనైన మనిషి కాబట్టి తనే కడిగింది. ఇంటికి వచ్చి "పోలేదే" అంది. అంతే. అన్నం దగ్గర కూర్చునేది, లేచిపోయేది. ఆవిడతో నాకు వంద తగాదాలు ఉండొచ్చు, అప్పుడు మాత్రం ఆవిడ వదిలేసిన పళ్లెం మీద మూత పెట్టి దాచేదాన్ని.

తర్వాత ఒకణ్ని పట్టుకున్నారు. సున్నాలు, రంగులు వేసుకుని బతికే మనిషి, మా ఆయన ఈడువాడు. ఆ వీధిలో పని చేస్తున్నాడు, తన గడియారం పాడుచేశాడని ముసలాయనతో గొడవ పెట్టుకున్నాడు, ఆ సాయంత్రం ఎక్కడున్నావంటే ఇంట్లో ఒక్కణ్నే పడుకున్నానంటాడు. ఇంకేం కావాలి? సాక్షి ఒక్కటే కావాలి. పరేడు పెట్టారు. సాక్షి తన అక్క అని, ఈసారి వేరేవాణ్ని పిలవండని మా ఆయన సూపరింటెండెంటుకు చెప్పాడు. "మీసాలకి చుట్టరికం ఏంటయ్యా? గీసేసి వెనక తలుపు నుంచి పో" అన్నాడట ఆయన. ఈయన గీసేసి, వెనక తలుపు నుంచి ఇంటికి వచ్చేశాడు.

వదిన లోపలికి వెళ్లింది, వరస పొడుగునా నడిచింది, సున్నాలాయన ముందు ఆగి భుజం మీద చెయ్యి వేసింది. తడబాటు లేదని మేజిస్ట్రేటు రాసుకున్నాడు. ఆ సాయంత్రం వదిన కడుపునిండా తిన్నది. నేనే కొసరి కొసరి వడ్డించాను.

కేసు సాగింది, ఉరిశిక్ష పడింది. అప్పుడు టీవీలో పొద్దస్తమానం ఇదే గోల. ఉరి ఉండాలని ఒకడు, ప్రాణం తీసే హక్కు ప్రభుత్వానికి ఎక్కడిదని ఇంకొకడు. మా ఇంట్లోనూ అదే. నేను ఉరి పక్షం, దాచుకోవడం ఎందుకు? ఉరి వద్దనేవాళ్లని ఒక్కసారి ఆ మెట్లు కడిగి రమ్మనండి అనేదాన్ని. వదిన తల ఊపేది. అత్తాకోడళ్ల సీరియల్ దగ్గర కూడా కలవని మేమిద్దరం అక్కడ ఒక్కటయ్యాం. మా ఆయన మాత్రం ఎప్పుడూ ఒక్కటే మాట. "చేసినవాడికి ఏ శిక్షైనా వేసుకోండి. చేసినవాడు అని తేల్చడమే కష్టం." సరేలెండి, మీరు గడ్డాలు గీయండి, తీర్పులు వాళ్లు రాస్తారు అనేదాన్ని.

ఆ తర్వాతి ఏడాది ఏదో గొలుసు దొంగతనం కేసులో పరేడు జరిగింది. మా ఆయన ఎప్పట్లాగే అందరికీ గీసి, ముద్దాయికీ గీసి వరసలో పెట్టాక, బయటి నుంచి రావాల్సిన వాళ్లలో ఒకడు అప్పుడు దిగాడు. బస్సుల్లో టికెట్లు చెక్ చేసే మనిషి, రొప్పుతూ వచ్చాడు. ఈయన గబగబా వాడికి గీసి, నీళ్లు కొట్టి, పటిక రుద్ది నిలబెట్టాడు. గొలుసు పోగొట్టుకున్నావిడ వచ్చింది. వరస సగం కూడా చూడకుండా నేరుగా టికెట్ చెకర్ దగ్గరకు వెళ్లి భుజం మీద చెయ్యి వేసి, వీడే అని భోరున ఏడ్చింది. గొలుసు పోయిన వేళకు ఆ చెకర్ ఇంకో ఊరి బస్సులో, బోలెడు మంది మధ్య ఉన్నాడు. గదిలో అందరూ నవ్వారు. మా ఆయన నవ్వలేదు.

ఇంటికి వచ్చి చెప్పులు కూడా విప్పకుండా కుర్చీలో కూర్చున్నాడు.  తర్వాతి పరేడులో ముద్దాయికి మొదటే గీసి, జైలు వంటవాణ్ని వరసలో కలిపి కావాలని చివర్న గీశాడు. సాక్షి వంటవాణ్ని పట్టుకున్నాడు. ఆ తర్వాతిసారి అందరికీ గీసి, పొడి తువ్వాలుతో తుడిచి, ఫ్యాను కింద కూర్చోబెట్టి బాగా ఆరాక నిలబెట్టాడు. సాక్షి ఈ చివర నుంచి ఆ చివరకు, ఆ చివర నుంచి ఈ చివరకు తిరిగి, వీళ్లలో ఎవరూ కాదేమో అంటూ వెళ్లిపోయాడు. అప్పుడు నన్ను కూర్చోబెట్టి చెప్పాడు.

"తడిగా ఉన్నవాణ్ని పట్టుకుంటున్నారే. మెడ మీద నీటి చుక్క ఉంటుంది, పటికకి చర్మం తెల్లగా మెరుస్తుంది. అదేంటో వాళ్లకి తెలియదు. ఏదో తేడాగా ఉందని మాత్రం తెలుస్తుంది. చెయ్యి వేస్తారు. ఒకసారి చెయ్యి వేశాక ఇక ఆ మొహమే గుర్తుంటుంది."

"పిచ్చి గానీ పట్టిందా మీకు?" అన్నాను.

"ఇన్నాళ్లూ ముద్దాయికి చివర్న గీశాను. ప్రతిసారీ. వాళ్లలో నిజంగా చేసినవాళ్లు ఉండొచ్చు, చాలామందే ఉండొచ్చు. ఎవరో నాకేం తెలుసు? మెడ తడిగా ఉండటం ఒక్కటే నాకు తెలుసు." తన అరచేతుల వైపు చూసుకుని, "అక్క పట్టుకున్నవాడు కూడా" అన్నాడు.

వదిన గది తలుపు వేసి ఉందో లేదో లేచి వెళ్లి చూసి వచ్చాను. 

సున్నాలాయన ఉరి సెల్లో ఉన్నాడు. మా ఆయన వారం వారం వెళ్లి ఆయనకు గడ్డం గీయాలి. క్షమాభిక్ష కాగితం పైకి వెళ్లింది, రేపో మాపో తిరిగి వస్తుంది, కాదంటే ఇక తాడే. "నేను కత్తి పెడితే గడ్డం పైకెత్తి కళ్లు మూసుకుంటాడే. అయ్యాక చల్లగా ఉందన్నా అని దండం పెడతాడు" అని చెప్పి మా ఆయన ఏడ్చాడు. ఆయన ఏడవడం నేను అప్పుడే చూశాను.

మర్నాడే వెళ్లి సూపరింటెండెంటుతో చెప్పాడు. ఆయన చెడ్డవాడేం కాదు. అంతా విని, తల పట్టుకుని, "నీళ్లు కారాయని చెప్తే కోర్టు తీర్పు మార్చుకుంటుందా? ఉరి నిలబడింది మీ అక్క మాట మీద. ఆవిడ మళ్లీ చూసి నాకు ఖాయం కాదు అంటే ఏమైనా అవుతుంది, లేదంటే లేదు" అన్నాడట. సున్నాలాయన తరపు వకీలమ్మ కూడా అదే చెప్పింది. సాక్షి ఒప్పుకుంటే మళ్లీ పరేడు పెట్టమని కోర్టుని అడుగుతానంది. అంటే ఒక మనిషి ప్రాణం తిరిగి తిరిగి మా వదిన నోటి దగ్గర ఆగింది.

నలుగురికీ తెలియకముందే ఇంట్లో చెప్పాలని, సెలవు రోజు ముగ్గురం కూర్చుని ఉల్లిపాయలు ఒలుస్తుండగా మా ఆయన మొదలుపెట్టాడు. వదిన చేతిలో కత్తి ఆగింది. పూర్తయ్యేదాకా వింది.

"అంటే నా కళ్లకి నీళ్లు కనబడ్డాయి గానీ మొహం కనబడలేదంటావ్."

"నీ తప్పు అనడం లేదక్కా. నేను గీసిన పద్ధతి..."

"నువ్వు గీసేది గడ్డం రా. నేను చూసింది మనిషిని. ముసలాయన నా ముందు కుప్పకూలితే, వాడు నా మొహంలోకి చూశాడు. నా మొహంలోకి. ఇప్పుడొచ్చి నీటిచుక్క అంటావా?"

"వదినా, ఒకవేళ..." అని నోరు తెరిచాను.

"నువ్వు ఊరుకో. ఒకవేళ అనే మాట ఎంత దూరం పోతుందో నీకు తెలుసా? ఒకవేళ వీడు కాకపోతే ఇంకెవడు? వాడు ఊళ్లో తిరుగుతున్నాడా? నా కౌంటర్ దగ్గరకి వచ్చి చొక్కా ఇచ్చి, నేను నవ్వుతూ మడతపెట్టి ఇస్తే తీసుకుని పోతున్నాడా? ఆ చొక్కా నేనే ఉతికించానా?"

ఆ మాటకు ముగ్గురం ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు. ఆ రోజు నుంచి వదిన పళ్లెం తన గదిలోకి తీసుకెళ్లి తినేది. లాండ్రీలో కొత్తగా చీటీ అడగడం మొదలుపెట్టింది. చీటీ ఇచ్చినా బట్టలు ఇవ్వకుండా, ఆ మనిషి మొహంలోకి అలా చూస్తూ నిలబడుతోందని యజమాని మాతో చెప్పి పోయాడు. జనం రావడం తగ్గిందట.

వారం గడిచాక ఆవిడే వచ్చి తమ్ముడి ముందు నిలబడింది. "పెట్టమను నీ పరేడు. వాణ్ని వంద మందిలో కలుపు. తడుపు, ఆరబెట్టు, నీ ఇష్టం వచ్చింది చేసుకో. కోర్టు బోనులో అన్ని రోజులు ఎదురుగా కూర్చుని చూసిన మొహం నాకు తెలియకపోదు. వాడే అని మళ్లీ చెప్తాను, ఇక ఈ ఇంట్లో నీళ్ల మాట ఎత్తకూడదు."

 ఆవిడ మళ్లీ సున్నాలాయన్నే పట్టుకుంటే ఇక ఏ దేవుడూ ఆపలేడు. పెట్టమన్నది మనమే కదా.

కోర్టు ఒప్పుకుంది. ఆ రోజు వదినకు తోడుగా నన్ను రానిచ్చారు. గుమ్మం దగ్గర నిలబడాలి, నోరు ఎత్తకూడదు అన్నారు. పొడుగాటి గది, కిటికీల్లేవు, పైన రెండు వెంటిలేటర్లలోంచి పాలిపోయిన వెలుతురు. కొత్తగా సున్నం వేసిన గోడ. మూల కుళాయి, దాని కింద బకెట్టు, ఖాళీ స్టూలు. గోడ వారగా తొమ్మిది మంది. జుట్టు ఒకటే, కనుబొమ్మ మీద ప్లాస్టరు ఒకటే, మెడ దాకా బూడిదరంగు దుప్పటి. ఎవరికీ మీసం లేదు. జైల్లో ఉండి సున్నాలాయన చిక్కి సగమయ్యాడని, అందుకని బక్కపల్చటివాళ్లనే ఏరి తెచ్చారని తర్వాత తెలిసింది.

 మనుషుల్లా లేరు, ఒకే మనిషిని తొమ్మిది సార్లు నిలబెట్టినట్టు ఉంది. ఊపిరి కూడా కలిసి పీలుస్తున్నారు. మా ఆయన ఎప్పట్లా వెనక తలుపు నుంచి వెళ్లిపోయి ఉంటాడు, ఉంటే బాగుండేదని అనుకున్నాను.

వదిన మొదటివాడి ముందు ఆగింది. రెండోవాడి ముందు ఆగింది. అలా చివరిదాకా వెళ్లింది. ఆవిడ నడకలో ధీమా పోవడం వెనక నుంచే నాకు తెలిసింది. వెనక్కి తిరిగి మళ్లీ నడిచింది. మేజిస్ట్రేటు దగ్గాడు. ఆవిడ చెయ్యి పైటకొంగుని నలుపుతోంది. కాదేమో అంటుందని, ఖాయంగా చెప్పలేనంటుందని ఎదురుచూశాను. అప్పుడు ఉన్నట్టుండి ఆవిడ భుజాలు నిటారుగా అయ్యాయి. చకచకా వరస మధ్యలోకి వెళ్లి, ఒకడి భుజం మీద చెయ్యి వేసింది.

"వీడే. ఆ రోజు నా మొహంలోకి చూసింది వీడే. చూడండి, ఎలా చూస్తున్నాడో."

ఆ మనిషి కళ్లలోంచి నీళ్లు కారాయి.

"అక్కా" అన్నాడు.

ఆ గొంతు వినేదాకా ఆయన్ని నేను గుర్తుపట్టలేదు. కాపురానికి వచ్చిన నాటి నుంచి పొద్దున్నే చూస్తున్న మొహం. అదే వరస ముందు నిలబడి, ఆయన ఇంటికి వెళ్లిపోయి ఉంటాడని అనుకున్నదాన్ని. రావాల్సిన వాళ్లలో ఒకడికి జ్వరం తగిలి రాలేదట. మేజిస్ట్రేటుకు తొందర. ఈడూ ఒడ్డూ సరిపోతాయి, నువ్వే నిలబడవయ్యా అని సూపరింటెండెంటు అన్నాడట. అందరికీ గీసి ఆరబెట్టాక, పెళ్లికి ముందు నుంచీ ఉన్న మీసాన్ని తీసేసి, ఈయన అందరికంటే ఆఖర్న వెళ్లి వరస మధ్యలో నిలబడ్డాడు.

వదిన చెయ్యి ఆయన భుజం మీదే ఉండిపోయింది. తీయలేకపోయింది. నేనూ ఒక వార్డరూ కలిసి ఒక్కో వేలూ విడదీయాల్సి వచ్చింది. మా ఆయనకు అటుగా మూడో మనిషి కింద కూలబడి ఏడుస్తున్నాడు. సున్నాలాయన ఆయనే.

ఇంటికి వచ్చాక మా ఆయన్ని అడిగాను. "కావాలనే తుడుచుకోలేదా?"

"తుడుచుకున్నాను. బాగా గుర్తుంది. తువ్వాలు తీసుకుని రెండు చెంపలూ, మెడా తుడుచుకున్నాను."

తువ్వాలు ఇస్త్రీ మడతలోనే ఉందని, మెడ మీద నుంచి నీళ్లు దుప్పటిలోకి కారుతున్నాయని సూపరింటెండెంటు చెప్పాడు. ఎవరిది అబద్ధమో నాకు తెలియదు. ఇద్దరూ అబద్ధం ఆడే మనుషులు కారు.

ఉరి ఆగింది. కేసు మళ్లీ మొదటికి వచ్చింది. సున్నాలాయన్ని మామూలు బ్యారక్‌కి మార్చారు, బహుశా వదిలేస్తారని వకీలమ్మ అంటోంది. ఒక ప్రాణం నిలబడింది. దానికి నేను సంతోషించాను, ఇప్పటికీ సంతోషమే. టీవీలో ఉరి ఉండాలా వద్దా అని మళ్లీ గోల పెడితే ఇప్పుడు నేను ఛానల్ మార్చేస్తాను. వదిన లాండ్రీ మానేసింది. తమ్ముడితో మాట్లాడుతుంది, అన్నం వడ్డిస్తుంది, మొహం వైపు మాత్రం చూడదు. ఆయన మీసం మళ్లీ పెంచడం లేదు. ఎందుకంటే చెప్పడు.

అంతా అయిపోయిందనుకున్నాక ఒక మధ్యాహ్నం ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. కుర్రవాడు, మంచివాడు, కూర్చోమంటే కూర్చోవడానికి మొహమాటపడ్డాడు. మంచినీళ్లు ఇస్తే తాగి, టోపీ ఒళ్లో పెట్టుకున్నాడు.

"తప్పుగా అనుకోకండమ్మా. కేసు కొత్తగా మొదలైంది. సాక్షి ఒక మనిషిని గుర్తుపట్టినట్టు రికార్డులో ఉంది. ఆ మనిషి ఎవరైనా సరే, ఆ సాయంత్రం ఎక్కడున్నాడని అడగాలి. రూలు."

"మా ఆయన్నా?" నాకు నవ్వూ కోపమూ కలిసి వచ్చాయి. "ఆయన దోమని కొట్టమంటే కిటికీ తెరిచి పొమ్మంటాడు."

"అదంతా నాకు తెలుసమ్మా. ఆ సాయంత్రం ఎక్కడున్నారో మీకు గుర్తుంటే చాలు, రాసుకుని పోతాను."

"గుర్తుండకేం? ఇంట్లోనే ఉన్నారు. అదిగో, ఆ గడప మీద కూర్చుని పాడైన ఫ్యాను విప్పుతున్నారు. వీధి దీపాలు వెలిగాయి. నేను టీ ఇచ్చాను. తలెత్తి, పంచదార వేశావా అని అడిగారు. పొద్దుపోయాక వదిన వీధి చివర నుంచి పడుతూ లేస్తూ వచ్చింది."

"ఖాయమేనా అమ్మా?"

"కళ్లారా చూశాను" అన్నాను.

రాసుకున్నాడు. చదివి వినిపించాడు. సంతకం పెట్టమంటే పెట్టాను. ఆయన దండం పెట్టి వెళ్లిపోయాడు.

తలుపు వేసి, ఆ గడప మీద నేనే కూర్చున్నాను. పాపం ఆ రోజు ఎంత మామూలుగా ఉన్నాడు మనిషి అనుకుంటూ, ఆ సాయంత్రాన్ని మళ్లీ ఒకసారి కళ్ల ముందుకు తెచ్చుకున్నాను. ఫ్యాను రెక్కలు నేల మీద ఉన్నాయి. టీ కప్పు అందించాను. ఆయన తలెత్తాడు. నా మొహంలోకి చూశాడు. ఎంత స్పష్టంగా ఉందో, చెయ్యి చాపితే తగిలేలా ఉంది.

ఆయనకు మీసం లేదు. పై పెదవి తెల్లగా, పటిక రుద్దినట్టు మెరుస్తోంది.

ఆ సాయంత్రం ఆయనకు నిండుగా మీసం ఉంది. అది పోయింది మొన్నటి పరేడులో. ఎన్నిసార్లు కళ్లు మూసుకున్నా, ఎంత గట్టిగా మీసం పెట్టి చూద్దామన్నా, ఆ గడప మీద కూర్చున్న మనిషి మీసం లేకుండానే తలెత్తుతున్నాడు. ఆయన మీద నాకు అనుమానం లేదు, ఎన్నడూ రాదు. నా భయం అది కాదు. ఆ సాయంత్రం ఆయన్ని నేను చూశానో లేదో నాకు తెలియదు, చూశానని సంతకం పెట్టాను.